కుళ్ళని గుడ్డ

మార్చి 4

గోళ్ళలో మట్టి ఇంకా పోలేదు. తల వేడెక్కి ఉంది. ఎవరితోనైనా అంటే గొడవవుతుంది, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

పోయిన వారం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఓసారి వచ్చి మా మట్టి చూడవా?" అన్నాడు. చెవులు సరిగ్గా పనిచేస్తున్నాయా అని చూసుకున్నాను. నా ఉద్యోగమంతా మట్టి పరీక్షల ల్యాబులోనే గడిచింది, ఇప్పుడు ఆ ల్యాబుకి అధికారిని. చుట్టుపక్కల రైతులందరూ సంచుల్లో మట్టి పట్టుకుని నా గుమ్మం ముందు నిలబడ్డారు, వీడొక్కడు తప్ప. వీడికి నేను 'పురుగుల డాక్టరు'ని. ఎరువు బస్తాలు అలా గుమ్మరించకురా, ఆ మందులు అంతంత కొట్టకురా, పైరుకి అన్నం పెట్టేది నువ్వు కాదురా, మట్టిలో కంటికి కనపడని ప్రాణులున్నాయి, అవి పెడతాయి అని గొంతు చించుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఇప్పుడు వరసగా రెండు పంటలు దెబ్బతినేసరికి అక్క గుర్తొచ్చింది.

వెళ్ళాను. వెళ్ళక ఏం చేస్తాను.

పార భుజాన వేసుకుని నా వెనకాలే నడిచాడు. నేను ముందూ, వాడు వెనకా. చిన్నప్పటి నుంచీ ఎప్పుడూ ఇలా జరగలేదు.

"రెండేళ్ళ నుంచి మందులు సగానికి తగ్గించానక్కా. పచ్చిరొట్ట పెంచి అందులోనే దున్నేస్తున్నా," అన్నాడు.

"నాకు చెప్పలేదే?"

"నువ్వు చెప్పిందే కదా చేస్తున్నా. మళ్ళీ నీకు చెప్పేదేముంది?"

ఒక్క ముక్క కూడా నమ్మలేదు. పరీక్ష అనేసరికి పిల్లలందరూ తెల్లవార్లూ చదివామనే చెప్తారు.

మట్టి ఊపిరి కొలిచే మిషను ఒకటి మా ల్యాబులో ఉంది. మట్టిలోని సూక్ష్మజీవులు ఎంత గాలి వదులుతున్నాయో అది చెప్తుంది. చెప్పేది. అది రిపేరుకి వెళ్ళి, వెళ్ళిన చోటే కాపురం పెట్టింది. అందుకని గుడ్డ పరీక్షే గతి. అదేమీ బ్రహ్మవిద్య కాదు. తెల్ల నూలు గుడ్డ ముక్కల్ని జానెడు లోతున పాతిపెట్టాలి. నూలంటే సూక్ష్మజీవులకి తిండి. మట్టి బతికుంటే ఆరు వారాల్లో గుడ్డని జల్లెడ చేస్తుంది. చచ్చిపోయుంటే ఇచ్చింది ఇచ్చినట్టు వెనక్కిస్తుంది.

దానికోసం ప్రత్యేకంగా నేసిన గుడ్డ స్టోరులో ఉండాలి. లేదు. "ఇండెంటు పెట్టండి మేడమ్, వస్తుంది," అన్నాడు స్టోరు బాబు. ఎప్పుడయ్యా అంటే "వచ్చినప్పుడు" అట! వాడి ముఖం మీదే తలుపు వేసి, బజారుకి వెళ్ళి, ఒక తాను తెల్లగుడ్డ నేనే కొనుక్కొచ్చాను. ప్రభుత్వం పనులు చెయ్యాలంటే జేబులోంచి గుడ్డలు కూడా మనమే తెచ్చుకోవాలి.

తమ్ముడి చేలో నాలుగు మూలలా, మధ్యలో ఒకటీ పాతిపెట్టాం. పోల్చి చూసుకోవడానికి ఇంకొకటి మా ల్యాబు వెనక, ఆకులూ చెత్తా కుళ్ళబెట్టే చోట పాతాను. ఆ మట్టికి ఆకలెక్కువ. చెప్పు వదిలేస్తే చెప్పు కూడా తినేస్తుంది.

మార్చి 7

మిషను ఇవాళ కూడా రాలేదు. స్టోరు బాబు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు.

మార్చి 20

పెద్దాఫీసు నుంచి ఒక గుంపు దిగింది. ల్యాబు చూపించి ఉపన్యాసం చెప్పమన్నారు. చెంచాడు మట్టి అరచేతిలో పోసుకుని మొదలుపెట్టాను. ఇందులో వందల కోట్ల ప్రాణులున్నాయండీ, వాటిలో చాలావాటికి మనం ఇంకా పేర్లు కూడా పెట్టలేదు అన్నాను. నల్లకళ్ళద్దాల ఆయనొకడు చెయ్యెత్తాడు.

"ఇవి మంచి బాక్టీరియానా మేడమ్, చెడ్డ బాక్టీరియానా?"

ఓపిక తెచ్చుకున్నాను. వేరు ఊరికే తాగదండీ, ముందు పెడుతుంది అన్నాను. ఆకులో తయారైన చక్కెరలో కొంత వేరు నుంచి మట్టిలోకి జారుతుంది. దానికోసం బూజుదారాలు వచ్చి వేరుని పట్టుకుంటాయి, వేరు చేరలేని సందుల్లోంచి నీళ్ళూ పోషకాలూ మోసుకొస్తాయి. ఒకటి వదిలిన చెత్త ఇంకొకదానికి భోజనం. కొన్ని జిగురు వదులుతాయి, ఆ జిగురుకే మట్టి గుల్లగా రవ్వలు కడుతుంది, వాన నీరు లోపలికి దిగుతుంది. ఏ ఒక్కటీ ఒంటరిగా ఏమీ చెయ్యదు. ఇదంతా పైన జానెడు మందంలోనే జరుగుతుంది, కిందికి వెళ్ళేకొద్దీ జనం పలచబడతారు. ఆ జానెడే మన అన్నం.

"అయితే ఆ బాక్టీరియా పౌడరేదో ప్యాకెట్లలో దొరుకుతుందిగా, చల్లేస్తే సరిపోతుంది," అన్నాడు నల్లకళ్ళద్దాలు.

"ఊరు మొత్తం ఖాళీ చేయించి, ఇద్దర్ని బస్సులోంచి దింపితే ఊరైపోతుందా అండీ?" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. అందరూ టీ తాగడానికి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక "ఎవరి మీదైనా కోప్పడ్డావా?" అని అడిగాడు మా ఆయన. లేదన్నాను. "మరి గొంతు పోయిందేం?" అన్నాడు. ఆయన బడిలో లెక్కల మాస్టారు. జవాబు తెలిసిన ప్రశ్నలే అడుగుతాడు.

ఏప్రిల్ 16

తవ్వాం.

అయిదు ముక్కలూ తెల్లగా వచ్చాయి. కడిగితే ఇంకా తెల్లగా అయ్యాయి. ఒక్క చిల్లు లేదు. చేతికి కాస్త పలచగా తగిలాయిగానీ, అది కడగడం వల్ల. ఒక గుంటలో రెండు వానపాములు కూడా కనపడ్డాయి. పక్కచేలోంచి వచ్చుంటాయి.

"చూశావా?" అన్నాను.

తమ్ముడు గట్టు మీద కూర్చుని ఒక ముక్కని మోకాలి మీద పరిచి, అటూ ఇటూ తిప్పి, వెలుగుకి పట్టి చూశాడు. "కొంచెం కూడా తినలేదా అక్కా?"

"తినడానికి ఎవరైనా బతికుంటే కదా."

"కొంచెం కూడానా?"

"ఎన్నిసార్లు చెప్పాలిరా? చచ్చింది. నువ్వు చంపావు."

"మరి పచ్చిరొట్ట..."

"శవానికి సేవ చేశావు."

ఇంకా కొన్ని మాట్లాడాను. వాడు వినాల్సిన మాటలే. ఇన్నేళ్ళుగా నా గొంతులో ఇరుక్కున్నవన్నీ ఒకటొకటిగా బయటికొచ్చాయి. నాకు సంతోషమేమీ కలగలేదు. ఎందుకు కలుగుతుంది? తోడబుట్టినవాడు. కానీ నిజాన్ని నిజంగా చెప్పాలి కదా. వాడు తల వంచుకుని విన్నాడు. మరదలు మంచినీళ్ళు తెచ్చి, ఇవ్వాలా వద్దా అన్నట్టు నిలబడిపోయింది. పుట్టి బుద్ధెరిగాక వాడు నాకు ఎదురు చెప్పకుండా వినడం ఇదే మొదలు.

ల్యాబు వెనక పెట్టిన ముక్క తీయలేదు. తీసి చూసేదేముంది? ఈపాటికి అది మట్టిలో కలిసిపోయుంటుంది.

ఏప్రిల్ 17

నిద్ర బాగా పట్టింది.

ఏప్రిల్ 22

మరదలు ఫోన్ చేసింది. ఎప్పుడూ బాగున్నారా వదినా అని మొదలుపెట్టే మనిషి, ఇవాళ ఆ మాట కూడా లేదు.

"ఆయన్ని ఏమన్నారు వదినా మీరు? సరిగ్గా తినడం లేదు. పొద్దస్తమానం ఆ గట్టు మీదే కూర్చుంటున్నారు. ఇప్పుడు పైమట్టంతా తీయించేస్తారంట. రోడ్డు వేసే కాంట్రాక్టరు వచ్చి చూసుకుని వెళ్ళాడు. వచ్చే వారం తవ్వే మిషను పెట్టి లారీల్లో ఎత్తుకుపోతాడంట."

"వాడికేమైనా పిచ్చా?"

"చచ్చినదాన్ని చేలో ఎందుకు పెట్టుకోవాలి, అది పోతే కింద కొత్తమట్టి పైకొస్తుంది అంటున్నారు. అక్కే చెప్పిందన్నారు."

"నేనెప్పుడు చెప్పాను?"

"ఈ మట్టి ఇటుకలకి తప్ప ఇంకెందుకూ పనికిరాదు అన్నారంట కదా!"

ఫోన్ పెట్టేశాను. ఒళ్ళు మండిపోయింది. చచ్చిందని చెప్పడం వేరు, తీసిపారెయ్యమనడం వేరు. ఆ మాత్రం తెలియదా వాడికి? కింద కొత్తమట్టి ఏమిటి? కింద ఉండేది పస లేని గట్టిమట్టి. చచ్చిన పైమట్టికైనా ఓపిక పడితే మళ్ళీ ప్రాణం పోయొచ్చు, ఏళ్ళు పడుతుంది, అంతే. ఆ సంగతి నన్ను అడిగితే చెప్పనా? అడగడు. వాడు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ముందేమో అసలు వినడు, వింటే ఇలా వింటాడు.

నేనే ఫోన్ చేసి బతిమాలాలా? చెయ్యను. అడిగితే చెప్తాను.

ఇటుకల మాట నేను అనలేదు.

ఏప్రిల్ 23

నేను అలా అనలేదు.

ఏప్రిల్ 24

ల్యాబు వెనక నీళ్ళ పైపు పగిలిందని ప్లంబరొచ్చాడు. మధ్యాహ్నం నా గదిలోకి తొంగి చూసి "మేడమ్, ఈ గుడ్డ మీదేనా? తవ్వుతుంటే తగిలింది," అని బల్ల మీద పెట్టి వెళ్ళాడు. పాపం, కుళాయి కింద శుభ్రంగా కడిగి మరీ తెచ్చాడు.

తెల్లగా ఉంది.

మూలన గుర్తు కోసం నేను కుట్టిన ఎర్ర నైలాన్ దారం కూడా ఉంది, గుడ్డ నాదే. ఆ చోట ఆకులు నెల తిరక్కుండా నల్లటి పొడి అయిపోతాయి. కిందటేడు ఎవరో పారేసిన గోనెసంచి రెండు నెలలకి వెతికితే దొరకలేదు.

పైపు. పైపు పగిలింది కదా! ఎన్నాళ్ళ నుంచి కారుతోందో ఏమో, మట్టంతా నీళ్ళు నిలిచి బురదై ఉంటుంది. గాలి ఆడకపోతే కుళ్ళడం నెమ్మదిస్తుంది. మొదటేడు చదివే పిల్లాడికైనా తెలుస్తుంది. ఈ ఆఫీసులో ఒక పైపు కూడా సరిగ్గా బిగించే దిక్కులేదు. ఇంజినీరింగు వాళ్ళకి ఘాటుగా ఒక ఉత్తరం రాయించాను.

ప్లంబర్ని అడిగాను, ఎన్నాళ్ళ నుంచి కారుతోందని. "నిన్నో మొన్నో పగిలినట్టుంది మేడమ్, చీలిక కొత్తది," అన్నాడు. వాడికేం తెలుసు?

ఏప్రిల్ 25

ఇటుకల మాట కోపంలో అన్నానేమో. కోపంలో సవాలక్ష అంటాం. అన్నవన్నీ చేసేస్తారా ఎవరైనా?

ఏప్రిల్ 27

ఆదివారం. మా ఆయనకి సెలవులు. సెలవుల్లో ఆయనకున్న ఒకే ఒక వ్యసనం ఇస్త్రీ. చొక్కాలయ్యాయి, దుప్పట్లయ్యాయి, చివరికి దిండు గలీబుల మీద పడ్డాడు. ఆ తానులో మిగిలిన గుడ్డతో నేనే రెండు గలీబులు కుట్టించాను.

వంటింట్లో ఉన్నాను. ఏదో మాడిన వాసన. బట్ట మాడిన వాసన కాదు, ముక్కుపుటాలు మండే వాసన. వచ్చి చూస్తే గలీబు మధ్యలో ముడుచుకుపోయి ఇస్త్రీపెట్టెకి అంటుకుపోయింది.

మీద పడి అరిచాను. కొత్త గలీబు, చూసుకోవద్దా, పెట్టె అక్కడే వదిలేసి పేపరు చదువుతున్నావా అని. మీ తరగతిలో పిల్లలకి ఇలాగే లెక్కలు చెప్తున్నావా అని కూడా అన్నాను. ఆయన పెట్టె తిప్పి, అంటుకున్నదాన్ని చెంచాతో గీకుతూ కూర్చున్నాడు.

"అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే ఎలా? నూలు గుడ్డకి పెట్టే వేడే పెట్టాను. నూలైతే మాడాలి. ఇది కరిగింది," అన్నాడు.

నూలైతే మాడాలి.

గలీబు అంచు నుంచి ఒక పోగు లాగి పొయ్యి మంటకి పెట్టాను. నూలు పోగు కాగితంలా కాలి బూడిదవుతుంది, వేలితో నలిపితే పొడి. ఇది చిటపటమని ముడుచుకుని చివర నల్లటి పూస కట్టింది. చల్లారాక నలిపాను. నలగలేదు. గోరుతో నొక్కాను. రాయిలా ఉంది. ఇంకో పోగు. ఇంకోటి. పడుగులోంచి తీసినా అదే, పేకలోంచి తీసినా అదే. నూలు కలిపారేమో కాస్తో కూస్తో. కలిపిన ఆ కాస్తా మట్టిలో తినేశాయి, అందుకే ఆ రోజు ముక్కలు పలచగా తగిలాయి. మిగతాది ప్లాస్టిక్. మట్టిలోని ఏ ప్రాణీ దాని జోలికి పోదు.

ఆ చేను బతికుంది.

ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది, అరవడానికి వీలుండేది.

తమ్ముడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఒక్కసారే చేశాను. మరదలికి చేస్తే ఏమని చెప్పాలి? మీ పురుగుల డాక్టరు నూలేదో, నైలానేదో చూసుకోకుండా మీ ఆయన్ని హంతకుణ్ణి చేసిందని చెప్పాలా? లారీలు వచ్చే వారం అంది. టైముంది. నేనే వెళ్ళి ముఖాముఖి చెప్తాను.

ఏప్రిల్ 28

పొద్దున్నే బట్టల కొట్టుకి వెళ్ళాను.

షట్టరు ఎత్తకముందే వెళ్ళి మెట్ల మీద నిలబడ్డాను. కొట్టాయన రాగానే గుడ్డ ముఖం మీద పెట్టి అగ్గిపుల్ల గీశాను. "అమ్మా, అమ్మా, కొట్టులో నిప్పు!" అని ఒకటే గోల.

"ఇది నూలా? ఇది నూలేనా? నీ వల్ల ఏం జరిగిందో తెలుసా నీకు?"

"నూలని నేనెప్పుడన్నానమ్మా? తెల్లగా, గట్టిగా ఉండేది కావాలన్నారు. ఎన్నిసార్లు ఉతికినా ముడత పడదండీ అని కూడా చెప్పాను. అబ్బ, అలాంటిదే కావాలన్నారు మీరు!"

వినపడింది. ఆ రోజు ఆ మాట నాకు వినపడింది. స్టోరు బాబు మీద కోపంతో తల నిండిపోయి ఉంది, ముడత పడదంటే ఏమిటో ఆలోచించే తీరిక లేకపోయింది. ముడత పడని నూలు గుడ్డ ఈ లోకంలో లేదని చంటిపిల్లకి కూడా తెలుసు.

అయినా ఊరుకోలేదు. బిల్లు మీద ఏం రాశావో చూపించమన్నాను. పక్క కొట్టువాళ్ళు వచ్చారు. అందరితోనూ పోట్లాడాను. ఎండ నడినెత్తికొచ్చేదాకా పోట్లాడాను. ఆడలేక మద్దెల ఓడందట. ఎవరూ నన్ను ఆ మాట అనలేదు, నేనే అనుకున్నాను, బస్సు కోసం నిలబడ్డప్పుడు. ఆ బస్సు తమ్ముడి ఊరిది కాదు. ఇంటికొచ్చే బస్సు. రేపు వెళ్తాను.

ఏప్రిల్ 29

దూరం నుంచే శబ్దం వినపడింది.

తవ్వే మిషను వచ్చేసింది. వచ్చే వారమంటే వారం చివర అనుకున్నాను, వారం మొదట్లోనే, నిన్న పొద్దున్నే వచ్చిందట. నేను కొట్టువాడితో బిల్లు గురించి కొట్లాడుతున్నప్పుడు ఇక్కడ బకెట్టు దిగింది. చేలో సగం లేదు. గట్టు ఈ పక్క పాత చేను, ఆ పక్క మోకాలి లోతున పసుపుపచ్చటి గట్టినేల, దాని మీద బకెట్టు పళ్ళ గీతలు. లారీ ఒకటి నిండుకుని వెళ్తోంది. దాని వెనకాల రవ్వలు రవ్వలుగా మట్టి రాలుతోంది. గుల్లగా ఉంది. చచ్చిన మట్టి అలా రాలదు. చూస్తే తెలుస్తుంది. ఆ రోజు చూడలేదు.

తమ్ముడు చెట్టు నీడన నిలబడి ఉన్నాడు. ముఖం పీక్కుపోయింది.

"ఎండలో ఎందుకొచ్చావక్కా?"

"ఆపించరా. ముందు అది ఆపించు. నేను చెప్పింది తప్పు. గుడ్డ నూలుది కాదు. నీ మట్టికేం కాలేదు, బతికుంది."

వాడు నా వంక చూసి చిన్నగా నవ్వాడు. "నా మీద జాలి పడకక్కా."

"జాలా? నీ మీదా? నా ముఖం చూసి మాట్లాడు!"

"మీ మరదలు ఫోన్ చేసి ఏడ్చుంటుంది. అందుకని ఇలా వచ్చావు. వద్దులే. నువ్వు ఆ రోజు చెప్పిందే నిజం. ఏమేం పోశానో నాకు తెలియదా? ఏళ్ళ తరబడి పోశాను. నువ్వు వద్దంటూనే ఉన్నావు, నేను నవ్వుతూనే ఉన్నాను. చంపింది నేనే."

ఈ ఒక్క మాట వాడి నోట వినాలని ఎన్నేళ్ళు దెబ్బలాడాను! విన్నాను. ఇప్పుడు అది అబద్ధమని నేనే వాణ్ణి ఒప్పించాలి. ఒప్పుకోడు. నేను పెట్టిన నింద ఎంత బాగా అంటుకుందో! తీస్తానంటే రాదు.

సంచిలోంచి మిగిలిన గుడ్డ, అగ్గిపెట్టె తీశాను. గాలికి రెండు పుల్లలు ఆరిపోయాయి. మూడోది వాడే గీసి పట్టుకున్నాడు. పోగు కాలి పూస కట్టింది. వాడి అరచేతిలో పెట్టాను. బొటనవేలి గోరుతో నొక్కి చూశాడు, పంటి కింద పెట్టి కొరికి చూశాడు.

"ఇది ప్లాస్టిక్."

"అవును."

"నువ్వు నా చేలో ప్లాస్టిక్ పాతిపెట్టి, తినలేదేమని నన్ను తిట్టావు."

"అవును."

పూసని తిరిగి నా చేతిలో పెట్టేశాడు. తర్వాత చెయ్యెత్తి మిషనుని ఆపమని సైగ చేశాడు. డ్రైవరు సీట్లోంచే అరిచాడు, "తియ్యాలా, వద్దా అండీ? ఏదో ఒకటి చెప్పండి!"

"ఆరు వారాలాగు!"

"ఆరు వారాలా!" అని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు వాడు.

తమ్ముడు నా వైపు తిరిగాడు. "నీ మాట మీద ఆపడం లేదక్కా. ఆ రోజు చచ్చిందన్నావు, ఇవాళ బతికుందంటున్నావు. నీకేం తెలుసో నాకిప్పుడు తెలియడం లేదు. ఇదిగో, ఈ చొక్కా నూలుదేనా? సరిగ్గా చూసి చెప్పు."

అంచు నుంచి పోగు లాగి కాల్చాను. బూడిదైంది. ఊదితే ఎగిరిపోయింది. నూలే అన్నాను. అక్కడే చొక్కా విప్పేశాడు. బనీనుతోనే నడిచి వెళ్ళి, మిగిలిన సగంలో ఒక చోటు చూసుకుని, పార వేశాడు. నేను కూడా వంగబోయాను.

"ఈసారి గుడ్డ నాది. నువ్వు ముట్టుకోకు."

ముట్టుకోలేదు.

మే 8

ఊపిరి కొలిచే మిషను రిపేరయి వచ్చింది. ఇప్పుడు! స్టోరు బాబు స్వీట్లడుగుతున్నాడు. ఆ రోజు నేను వేసుకున్న చెప్పులకి ఆ చేను మట్టి అంటుకుని ఉంది. చెంచాడు గీకి మిషన్లో పెడితే సాయంత్రానికి తెలిసిపోతుంది.

ముట్టుకోవద్దన్నాడు. చెప్పులు అటక మీద పెట్టేశాను.

మే 19

వాడు ఫోన్ చెయ్యలేదు. తిట్టనైనా తిట్టడు. ఇంత చేసినా ఒక్క మాట అనకుండా చొక్కా విప్పి పాతిపెట్టాడు, మహానుభావుడు. వాడు నన్ను నాలుగంటే నేను కూడా రెండనేదాన్ని. ఇద్దరికీ తేలిగ్గా ఉండేది.

మే 30

మళ్ళీ మా ఆయన మీద అరిచాను. ఎందుకో గుర్తులేదు.

జూన్ 11

మరదలు ఫోన్ చేసి రమ్మంది. "మీరు లేకుండా తవ్వనంటున్నారు వదినా," అంది.

రెండు మూడు మంచి వానలు పడ్డాయి. చేను రెండు దేశాల్లా ఉంది. తీసేసిన వైపు నీళ్ళు ఇంకక మడుగులు కట్టి, ఎండిన చోట పెచ్చులుగా పగిలింది. గడ్డిపోచ లేదు. ఉన్న వైపు కలుపు మోకాలెత్తు లేచింది. కలుపుని చూసి ఏ రైతూ సంతోషపడడు. తమ్ముడు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

తవ్వాడు. మట్టి నల్లగా, గుల్లగా విడింది. చొక్కా కోసం చేత్తో వెతికాడు. దొరకలేదు. మొదట ఒక గుండీ దొరికింది. తర్వాత ఇంకోటి. కాలరు లోపలి బిరుసుముక్క. కుట్టుదారం దొరికింది, అది నూలుది కాదు కాబట్టి, ఎక్కడెక్కడ కుట్టారో అక్కడక్కడ వంకరలు తిరిగి, చొక్కా లేని చొక్కా గీతలా. వెన్ను దగ్గరి గుడ్డ నాలుగు వేళ్ళంత మిగిలింది, సాలెగూడు కంటే పలచగా. పైకెత్తితే విడిపోయింది.

"తినేశాయక్కా! గుండీలు తప్ప మొత్తం తినేశాయి!"

నవ్వాడు. చేతిలో గుండీలు గలగలలాడిస్తూ చిన్నప్పుడు గోళీలు గెలిచినప్పుడు నవ్వినట్టు నవ్వాడు. మరదలికి చూపించాడు. "నా చొక్కా చూడవే, ఎలా నమిలేశాయో!" ఆమె కూడా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఒక్క క్షణం ముగ్గురం నవ్వాం.

అప్పుడు వాడు తలెత్తి అటు చూశాడు. గట్టుకి అవతల. పసుపుపచ్చటి పెచ్చుల వైపు.

గుండీలు చేతిలోంచి జారిపోయాయి.

"అదీ ఇలాగే ఉండేది," అన్నాడు. మెల్లగా అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. గొంతు పెరుగుతూ పోయింది. "ఇలాగే ఉండేది కదా? బతికున్నదాన్ని లారీ ఎక్కించాను. రోడ్డు కింద పోసి రోలరుతో తొక్కించేశారక్కా! నువ్వు చెప్పిందే చేశాను, రెండేళ్ళు. పచ్చిరొట్ట వేశాను, మందులు తగ్గించాను, పంట తగ్గినా నోరు మూసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా. మట్టి బాగుపడ్డాక నీకు చూపిద్దామని. శవానికి సేవ చేశావన్నావు! రెండుసార్లు అడిగాను నిన్ను, కొంచెం కూడా తినలేదా అని. రెండుసార్లు! ఇంకో చోట తవ్వి చూద్దాం అన్నావా? వానపాములు కనపడితే అవి కూడా నావి కావన్నావు! నీకు కావలసింది మట్టి కాదు. నేను చంపాననిపించుకోవడం కావాలి నీకు!"

మరదలు వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది. "ఏమండీ, ఊరుకోండి, పెద్దావిడ. అలా అనకండి."

"అననీ అమ్మా," అన్నాను.

ఇంకా అన్నాడు. చిన్నప్పటివి కూడా తీశాడు. నేను అడ్డం చెప్పలేదు. వాడు ఆపేదాకా అక్కడే నిలబడ్డాను.